ఒంటి బొమ్మ

శ్రీకాళహస్తి

చిరంజీవి పంకజాక్షికి నాయన ఆశీర్వాదాలు.

నువ్వు చిత్తూరు బడిలో ఇంగ్లీషు చెప్తా ఉండావని మన వీధంతా చెప్పుకుంటా ఉండారు. చెప్పుకోనోళ్ల ఇండ్లకు నేనే పోయి చెప్పొస్తా ఉండాను. ఒకటుంటే ఏమనాల, ఎక్కువుంటే ఏమనాల అని పిల్లోళ్లకు చూపించేదానికి బొమ్మ కావాలంటివి. ఎర్రచందనం రాజారాణిని చెక్కి పంపినాను.

ఉలి పట్టిన చేత్తో రాసిన
నీ నాయన గురప్పాచారి

తా.క. రాణి ముక్కు నీదే.

చిత్తూరు

నాయనకు నమస్కారాలు.

బొమ్మలు అందినాయి. కానీ నేనడిగింది ఒక్కటే. ఒకటి చూపించి ‘డాల్’ అనాల, తర్వాత నాలుగు పెట్టి ‘డాల్స్’ అనాల. అందుకే రాజును బీరువాలో పెట్టినాను. వచ్చే నెల బడి తనిఖీకి ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ వస్తుంది. ఆమె మెచ్చితేనే నా ఉద్యోగం నిలిచేది.

నీ బిడ్డ పంకజాక్షి

తా.క. రాజు యాడికి పోయినాడని పిల్లలు ఏడ్చినారు. యుద్ధానికి పోయినాడని చెప్పినాను. ఇంకా ఎక్కువ ఏడ్చినారు.

శ్రీకాళహస్తి

చిరంజీవి పంకజాక్షికి,

నీ జాబు చదివి వినిపిస్తే మీ అమ్మ అన్నం ముట్టలేదు. తాతల నాటి నుంచి మన ఇంట్లో ఒంటి బొమ్మ చెక్కింది లేదు, గడప దాటించింది లేదు. ఆడబిడ్డకు ఒంటిది అసలే పంపకూడదు. రాజును బయటికి తియ్యి తల్లీ. ఈసారి ఎవరూ విడదీయకుండా జంటను ఒకే పీటకు బిగించి పంపినాను.

నీ మేలు కోరే నాయన

తా.క. మేకులు కింద నుంచి కొట్టినాను. పీకే పని పెట్టుకోవద్దు.

చిత్తూరు

నాయనకు,

ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ నిన్న వచ్చి పోయింది. పీట మీది జంటను చూపించి ఏమంటారని అడిగింది. పిల్లలందరూ ‘డాల్’ అన్నారు. పీట ఒకటే కదా అని వాళ్ల లెక్క. ఇంక ఉద్యోగం పోయినట్లే అనుకున్నాను.

“అయితే ఈ గదిలో ఒక్కటే ఉండేది ఏది?” అనింది. సంతోషమ్మ అనే పిల్ల లేచి నన్ను చూపించి ‘టీచర్’ అనింది. “మరి ఎక్కువుండేది?” అంటే, అందరూ తమనే చూపించుకుని ‘గర్ల్స్’ అన్నారు. ఆమె నవ్వి తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టింది. ఉద్యోగం నిలిచింది.

బడి అయినాక ఆ గదిలో ఒక్కదాన్నే చానాసేపు కూర్చున్నాను. ఒంటిగా ఉండడం అంత చెడ్డదేం కాదు నాయనా.

పంకజాక్షి

శ్రీకాళహస్తి

చిరంజీవి పంకజాక్షి టీచరుకు,

వీధంతా బెల్లం పంచినాను. నీ చివరి మాట మాత్రం ఉలి పట్టినప్పుడంతా చెవిలో మెదలతా ఉండింది. నిన్న ఒంటి బొమ్మ చెక్కినాను. చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడిన ఆడమనిషి. పక్కన ఎవరూ లేరు. అయినా నిండుగా ఉండాది.

సంతోషం పట్టలేని
నీ నాయన

తా.క. చెక్కినాను గానీ ఒంటిగా పంపేదానికి మనసు రాలేదు. శుక్రవారం రైలుకు దానికి తోడుగా నేనే వస్తా ఉండాను. నన్ను బీరువాలో పెట్టవద్దు.