ఎర్ర అక్షరాల దగ్గర ఆగిన గొంతు

వదినా,

నాన్న టైపు చేసింది పైకి చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందే, దాని కొత్త కోడ్ నువ్వు చెప్పినట్టే ఇంటర్నెట్‌లో అది ఉంచే రిపోజిటరీ నుంచి దించుకున్నాను. ఆపరేషన్ తర్వాత ఆయనకు గొంతంటే అదే కదా, ఇంకాస్త స్పష్టంగా పలుకుతుందని ఆశపడ్డాను. ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే బిల్డ్ మొదలుపెడితే, దానికి కావలసిన ఏదో లైబ్రరీ ఫైలు లేదంటూ ఎర్ర అక్షరాలొచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కొత్తది వచ్చేస్తుందన్న ధీమాతో, నువ్వు బిల్డ్ చేసిచ్చిన పాతదాన్ని ముందే తీసిపారేశాను. ఇంకో కాపీ లేదు. తిట్టేదేదో తర్వాత తిట్టు, ముందు ఆ లైబ్రరీ ఎక్కడ దొరుకుతుందో చెప్పు. 

ఇందాక నాన్న వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబోతే, కరెంటు లేదని చెప్పాను. ఆయన తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. ఒక్క మాటా అనలేదు.

ఎలా అంటారు, వదినా?