పాత ఇనుముకి వేసిన తుపాకీ

బావగారికి,

నాన్న తుపాకీ కీలు వదులైపోయిందనీ, పాత ఇనుముకి వేసేశాననీ నా మొహం మీదే చెప్పారు. పిచ్చిదానిలా నమ్మాను.

నిన్న, గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్ళల్ని కొట్టే పోటీకి గట్టి సెకండ్ హ్యాండ్ తుపాకీ కావాలని షాపుకెళ్ళాను. షాపాయన ఒకటి తీసి, గొట్టం కిందికి మడిచి మళ్ళీ మూసి, గట్టిగా ఊపాడు. కీలు దగ్గర చిన్న చప్పుడు కూడా లేదు. "ఇంకో తరానికి ఢోకా లేదమ్మా" అన్నాడు. చెక్క పిడి మీద పంటి గాట్లు చూసి, అమ్మిందెవరని అడిగాను. మీ పేరే చెప్పాడు.

కొనేశాను. మీతో గొడవకి నాకు ఓపిక లేదు. ఆదివారం పోటీకి దాంతోనే వస్తున్నా. అక్కని తీసుకురండి. పళ్ళొచ్చే వయసులో ఆ పిడి కొరికింది తనే. మిగతాది తనే చూసుకుంటుంది.

మీ మాట ఇక నమ్మని
మరదలు