కాస్త తాలు కలిసినా

మంగళవారం, రాత్రి

ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చాం. చనిపోయిన దాత క్లోమం నుంచి తీసిన, ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఇవాళ మా ఆయనకు ఎక్కించాల్సింది. నిద్రలో షుగర్ పడిపోయినా ఈయనకు తెలియదు. అదే నా భయం.

కణాల బాగోగులు చూడటానికి రంగు కలిపి తీసిన ఫొటో డాక్టరు గారు చూపించారు. చాలావరకు ఎర్రటి చుక్కలే. మార్కెట్ యార్డులో మిర్చి కొనే మనిషి కదా, ఈయన మొహం వెలిగింది.

"రంగు బాగుందండీ."

"ఎర్రగా ఉన్నవి చచ్చిపోయిన కణాలండి. ఆకుపచ్చగా ఉన్నవే బతికున్నవి. ఇవి పనికిరావు."

ఈయన కుర్చీ అంచుకు జరిగారు. "కాస్త తాలు కలిసినా పర్లేదండీ. ఎక్కించేయండి."

గుప్పెడు తెల్లబడ్డ తాలుకాయలు కనబడితే బస్తా మొత్తం వెనక్కి పంపే మనిషి. రైతులు ఎంత బతిమాలినా వినరు. ఇవాళ అచ్చం వాళ్లలాగే బతిమాలారు. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు.

ఇన్నాళ్లూ భయం నాకొక్కదానికే అనుకున్నాను. ఈయన ధైర్యం చూసే కాస్తయినా కన్ను మూసేదాన్ని.

ఇప్పుడు పక్కనే పడుకున్నారు. నుదురు తడిమాను, చెమట లేదు. గ్లూకోజు డబ్బా దగ్గర పెట్టుకున్నాను. వెలుతురుంటే నిద్ర పట్టదని రోజూ విసుక్కుంటారు కదా అని లైటు ఆపబోయాను.

కళ్లు తెరవకుండానే అన్నారు, "ఉండనివ్వు."