లాట్ సిలో సిల్వర్ కారు

ఫిబ్రవరి 3, 2025. ఉదయం, కారులో

ఇంట్లో కుదరదు, ఆఫీసులో కుదరదు. నాదంటూ మిగిలిన చోటు ఈ డ్రైవర్ సీటే. అందుకే డైరీ కాలేజ్ పార్కింగ్ లాట్‌లో రాస్తున్నాను.

డాక్టరేట్ ఐదో ఏట పడింది. కౌశిక్ అప్పుడే డాక్టరమ్మా అని పిలుస్తున్నాడు. మొగుడు కాబట్టి ఊరుకుంటున్నాను. నీ సబ్జెక్టు కమ్యూనిటీ కాలేజ్ లీడర్‌షిప్ అంటే ఏమిటే జయంతీ అని అత్తయ్య ఫోన్లో అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వారమంతా ఇదే కౌంటీ కాలేజ్‌లో స్టూడెంట్ సర్వీసెస్ ఉద్యోగం, వీకెండ్ అంతా చదువు.

ఈవెనింగ్ క్లాసుల్లో చేరిన మన ఆడవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? ఇదీ నా టాపిక్. పద్నాలుగు మందితో ఇంటర్వ్యూలు. మేలో డిఫెన్స్, అంటే కమిటీ ముందు నిలబడి థీసిస్‌ని సమర్థించుకోవడం. అది గట్టెక్కితే జూన్‌లో డీన్ పోస్ట్‌కి అప్లై చేయొచ్చు. డాక్టరేట్ లేకపోతే ఆ అప్లికేషన్ తెరిచి కూడా చూడరు.

ఫిబ్రవరి 8

మన తెలుగువాళ్లుండే పార్సిప్పనీలో దేదీప్య ఇంట్లో ఇంటర్వ్యూ. నేను రికార్డర్ పెట్టకముందే తను పెసరట్టు పెట్టింది. ఇంటర్వ్యూకి ఒప్పుకున్నట్టు కన్సెంట్ ఫారం ఇస్తే చూడకుండా సంతకం చేసేసింది. చదువమ్మా అన్నాను. నువ్వున్నావు కదక్కా, నేను చదివేదేముంది అంది.

నర్సింగ్‌కి వెళ్లాలని పోయిన ఫాల్ సెమిస్టర్‌లో అనాటమీ తీసుకుంది. తనకి డ్రైవింగ్ రాదు. ఇంటికి ఒకటే కారు. భర్త లోకేష్ ఆఫీసు నుంచి రాగానే రెండేళ్ల నైనికని కార్ సీట్‌లో కట్టి, తనని కాలేజ్‌లో దింపేవాడు. ఇంటికెళ్లి మళ్లీ రావాలంటే టైమ్ చాలదు. క్లాస్ అయ్యేదాకా తండ్రీకూతుళ్లు కార్లోనే. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని క్లయింట్ కాల్స్. నవంబర్ చలిలో కూడా అంతే.

ల్యాబ్ కిటికీలోంచి కనబడేదక్కా అంది. లోపల లైటేసుకుని పాపకి పెరుగన్నం తినిపిస్తుండేవాడు, నేనిక్కడ ఎముకల పేర్లు బట్టీ కొడుతుండేదాన్ని, నావల్ల కాలేదక్కా అంది.

కోర్సులో తనకి వచ్చింది అన్నిటికన్నా పై గ్రేడ్, ‘ఏ’. లోకేష్‌కి మాత్రం ఫెయిలయ్యానని చెప్పింది. మానేస్తానంటే అతను ఒప్పుకోడు. ఫెయిలైతే ఇంకేం చేస్తాడు? పోనీలే అని ఓదార్చి బిర్యానీ తినడానికి తీసుకెళ్లాడట. 

ఇది మన మధ్యే ఉండాలక్కా అంది చివర్లో. రికార్డర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నేను తలూపాను.

ఫిబ్రవరి 10

ఆ కారు నాకు తెలుసు. సిల్వర్ రంగు, లాట్ సిలో దీపస్తంభం కింద. ఫాల్ అంతా దాని పక్కనుంచే నడిచి వెళ్లాను. ఎవరో ఊబర్ డ్రైవర్ అనుకున్నాను.

మార్చి 12

జూమ్‌లో నా గైడ్ డాక్టర్ వాల్ష్. దేదీప్య ట్రాన్స్‌క్రిప్ట్ రెండుసార్లు చదివిందట. నీ డిసర్టేషన్ ఇదే అంది. పాసై, ఫెయిలయ్యానని చెప్పుకున్న విద్యార్థి గురించి ఎవరూ రాయలేదట. మిగతా పదమూడు కథలూ అందరికీ తెలిసినవేనట.

సంతోషం వేసింది. అబద్ధమెందుకు, ఎగిరి గంతేయాలనిపించింది.

ఏప్రిల్ 6

పేరు మీనా అని మార్చాను. పాపని బాబుని చేశాను. ఏం లాభం? ఒకటే కారు, అనాటమీ, పార్కింగ్ లాట్. పార్సిప్పనీలో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

పైగా డిఫెన్స్ ఎవరైనా చూడొచ్చు. కౌశిక్ ఆ లింక్‌ని ఉత్సాహంగా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాడు. మొదటి థంబ్స్అప్ లోకేష్‌ది.

ఏప్రిల్ 13

పండగైన రెండు వారాలకి ఉగాది పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చాం. ఎవరో దేదీప్య చదువు గురించి అడిగారు. లోకేష్ నవ్వుతూ అందుకున్నాడు. మా ఆవిడకి పుస్తకాలు పడవండీ, పాపం చాలా కష్టపడింది, ఆ సబ్జెక్టే అలాంటిది అన్నాడు. వెక్కిరింపు కాదు, వెనకేసుకు రావడం. అదే భరించలేకపోయాను.

దేదీప్య తల వంచుకుని అందరికీ పులిహోర వడ్డిస్తోంది. నా ప్లేట్‌లో వేస్తూ ఒక్కసారి నా కళ్లలోకి చూసింది.

ఏప్రిల్ 19

రాసింది ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకి చూపించాలని రూల్. దేదీప్యకి చాప్టర్ పంపాను. రెండు రోజులకి ఫోన్ చేసింది.

అంతా నిజమే రాశావక్కా అంది. ఆయన్ని బ్యారియర్ అని రాశావేంటి అని అడిగింది.

వెతికి చూసుకున్నాను. రాశాను. చదువుకి అడ్డంకులంటూ వేసిన బ్యారియర్స్ టేబుల్‌లో, భర్త మీద ఆధారపడటం అని.

నేను ఏదో చెప్పబోతే తనే ఆపింది. నీ డిగ్రీకి కావాలంటే ఉంచుకో అక్కా, ఆయనకి నేనెలాగో చెప్పుకుంటాను అంది. మిగిలిన కూర డబ్బాలో పెట్టి ఇచ్చినంత మామూలుగా అంది.

వద్దని ఉంటే దెబ్బలాడేదాన్ని.

ఏప్రిల్ 22

దేదీప్య కథ మొత్తం తీసేశాను.

ఏప్రిల్ 24

డాక్టర్ వాల్ష్‌కి చెప్పాను. కన్సెంట్ ఫారం మీద సంతకం ఉంది కదా అంది. ఉంది, కానీ అది నాకు చేసింది, యూనివర్సిటీకి కాదు అన్నాను. అయితే చాప్టర్ మొత్తం తిరగరాయాలి, డిఫెన్స్ డిసెంబర్‌కి పోతుంది అంది.

డీన్ పోస్ట్ పోయినట్టే. కౌశిక్ ఎందుకని అడిగాడు. చెప్పలేను అన్నాను. ఐదేళ్లు వంట చేశాను, ఆ మాత్రం చెప్పవా అన్నాడు. చెప్పలేదు. బాత్రూమ్‌లో కుళాయి విప్పి ఏడ్చాను. ఆ డీన్ కుర్చీ నాకు కావాలి. చాలా కావాలి.

సెప్టెంబర్ 16

నాకు రావలసిన కుర్చీలో కూర్చున్నాయన దగ్గరికే వెళ్లాను. లైబ్రరీ పక్కన పాత జిరాక్స్ రూమ్ ఖాళీగా ఉంది, సాయంత్రాలు తెరవండి, విద్యార్థులని క్లాసులకి తీసుకొచ్చినవాళ్లు కూర్చుంటారు అన్నాను. డేటా ఉందా అని అడిగాడు.

ఉంది. చూపించలేను.

నాతో బయటికి రండి అన్నాను. ఇద్దరం లాట్ సి చివరిదాకా నడిచాం. ఒక కార్లో ముసలాయన. ఒకదాంట్లో పిల్లాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు. మరోదాంట్లో ఒకావిడ స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోతోంది. డీన్ వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర ఆగి, ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగాడు.

నవంబర్ 3

రూమ్ తెరిచారు. హీటర్ పనిచేస్తోంది. కార్పెట్ మీద పిల్లల కోసం నా కూతురు నిధి చిన్నప్పటి బొమ్మలు తెచ్చి పోశాను. తను చదువుకునే కాలేజ్ నుంచి ఫోన్ చేసి, అమ్మా నా ఎలిఫెంట్ కూడానా అని గొడవ.

ఫొటో తీసి దేదీప్యకి పంపాను. నేను దాని కింద ఏమీ రాయలేదు.

డిసెంబర్ 11

డిఫెన్స్ అయింది. డాక్టర్ జయంతి. పదమూడు మంది. పర్వాలేదన్నారు.

జనవరి 16, 2026

దేదీప్య ఫోన్. అనాటమీ రెండో భాగానికి రిజిస్టర్ చేసుకుందట. లోకేష్‌కి కార్లో వెళ్తూ, అప్పుడు పాసయ్యానని నిజం చెప్పేసిందట.  అతను ముందుగా, ‘ఏ’నా, ‘ఏ’ మైనస్సా అని అడిగాడట. ‘ఏ’నే అని తను చెప్పగానే కారు పక్కకి తీసి ఆపాడట. ఇంకేమన్నాడో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

జనవరి 22. సాయంత్రం

మంచు పడుతోంది. దీపస్తంభం కింద సిల్వర్ కారు. ఇంజిన్ ఆపి ఉంది. అవతల లైబ్రరీ పక్క రూమ్‌లో లైటు వెలుగుతోంది. చేత్తో అద్దం తుడిచి చూశాను.

లోపల ఎవరూ లేరు.