కుర్చీ గురించి అడిగినవాళ్లకు

బావగారికి,

ఎదురుగా చెబితే మధ్యలోనే ఆపేస్తారని, ఈ కాగితం రాసి మీ రంపం కింద పెడుతున్నాను.

మన వెబ్‌సైట్‌లో కుర్చీల మరమ్మతు గురించి అడిగేవాళ్లకు ఇకమీదట దుకాణం మెయిల్ నుంచే జవాబిస్తాను. నా సొంత మెయిల్ నుంచి ఇవ్వను.

"సొంత మనిషి రాసినట్టుంటేనే కస్టమర్లు నిలబడతారమ్మా" అన్నారు మీరు. ఆ ఊగుడు కుర్చీ ఆయనకు మీరు చెప్పినట్టే రాశాను. ఏ వార్నిష్ వేస్తారని అడిగిన మనిషి, మర్నాటి నుంచి నేనేం తిన్నానో అడగడం మొదలుపెట్టాడు. ఆ మెయిల్ పట్టుకుని నా ఫోటోలు, వాటిని పట్టుకుని మా వీధి వెతుక్కున్నాడు. చివరికి విరగని కుర్చీ ఒకటి మోసుకుని మా గుమ్మంలో దిగాడు.

మీతో చెబితే "మంచి కస్టమర్, కాస్త సర్దుకుపో" అన్నారు. అప్పుడు అక్క మీవైపు చూసిన చూపు మీకు కనబడలేదు గానీ నాకు కనబడింది.

నా జవాబుల్లో లోటుంటే చూపించండి, దిద్దుకుంటాను. ఏ చెక్కో, జిగురు ఎప్పటికి ఆరుతుందో అన్నీ విడమరిచి రాస్తున్నాను. కింద "దుకాణం నుంచి" అని ఉంటుంది. అంతకుమించి నా గురించి ఎవరికీ అక్కర్లేదు.

కాదు, సొంత మెయిలే ఉండాలంటారా, సరే. జవాబు పంపే మెయిల్ గడిలో నాది తీసేసి మీది టైపు చేసి ఉంచాను. ఆ కుర్చీ ఆయన పొద్దున మళ్లీ రాశాడు, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. మీరు ఊ అంటే చాలు, 'పంపు' నొక్కేస్తాను.

మీ మరదలు