అద్దెకున్నవాళ్లతో వరస కలపకు

తమ్ముడూ,

అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నాను, సలహా చెప్పమని రాశావు. గోడల్లో చెమ్మ చూసుకో, కుళాయిలు తిప్పి చూసుకో. అవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒకటే: అద్దెకు దిగినవాళ్లతో వరస కలపకు.

నా ఇంట్లో దిగిన కుట్టుమిషను ఆవిడను మొదటిరోజే నోరారా "పిన్నీ" అన్నాను. అప్పటినుంచి నా బట్టలన్నీ ఆవిడే ఊరికే కుట్టిపెడుతోంది. పోయిన వారం ఇల్లు ఖాళీ చేయమని అడుగుదామనే వెళ్లాను. నన్ను చూడగానే, "ఏమే, ఇలా చిక్కిపోయావు?" అంటూ కంచం పెట్టింది. తిని, చేయి కడుక్కుని వచ్చేశాను.

ఆఫీసుకు దగ్గరని నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు తెలివైనవాడు. ఆరేళ్లుగా నన్ను "పై పోర్షను" అనే పిలిచాడు. ఈ నెల మొదట్లో వచ్చి, నెలాఖరుకల్లా ఖాళీ చేయమని గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్లిపోయాడు.

నువ్వు కొనే ఇంట్లో వెనక గది నాకు అద్దెకిమ్మని అడగడానికే ఈ కాగితం తీశాను. కానీ మాటలొచ్చినప్పటినుంచీ నువ్వు నన్ను అక్కా అనే పిలుస్తున్నావు.

ఇవ్వకు.

నీ అక్క