అన్నకు నేను చెప్పిన పేరు

భాగీరథక్కా, హూడిలో నేనూ నాన్నా కులాసా. ఫోను మోగితే నాన్న పక్కకు వచ్చి కూర్చుంటారు, అందుకే కార్డు. నీ దగ్గరున్న అమ్మ కంటబడకుండా నీ బడికి పంపుతున్నాను.

మన ఇంటి కథ రాస్తూ, మనకు ముందు పుట్టి పురిట్లోనే పోయిన అన్న దగ్గర ఆగాను. మొదట అడిగినప్పుడు నాన్న, "పేరు పెట్టకముందే పోయినాడప్పా" అన్నారు. నేను ఊరుకోక నాకు తోచిన ఒక పేరు చెప్పి, అదేనా అని అడిగాను. జవాబు నోటికి అందించే ప్రశ్న, నాలాంటి విలేకరి అడగకూడనిది. నిన్న పక్కింటి మునిలక్ష్మమ్మతో నాన్న ఆ పేరే చెప్పి ఏడ్చారు. "ఎవురు పెట్టిండ్రి సార్?" అందామె. "నేనేమ్మా, చెవిలో చెప్పినా" అన్నారు.

ఇక అమ్మనే అడగాలి. "వాణ్ణి ఏమని పిలిచేదానివి?" అని మాత్రం అడుగు. ఆ పేరు నీకు రాయను, నీ నోట్లో ఏదీ దాగదు. అమ్మ అన్నది అన్నట్టే రాసి పంపు. ఏడిస్తే ఆపేయి, ఆపరేషన్ చేసిన కన్ను. చుక్కలు సరిగ్గా వేస్తున్నావా? బావగారి మోకాలు ఎలా ఉంది?

పేరే లేదని అమ్మ అంటే ఆ పేరు పుస్తకంలో కొట్టేస్తాను. నాన్నకు ఎలా చెప్పాలో తెలియడం లేదక్కా. అమ్మకు దండాలు.

నాగేంద్ర